ఊరించే మందులు, ఎండగట్టే మందులు

మీ ప్రశ్నలు – వైద్యుల జవాబులు

పురుగుల మందు ఒంటికెక్కినప్పుడు ఇచ్చే ఇంజెక్షన్, పసిపిల్లల కడుపునొప్పి చుక్కలు, మతిమరుపు మాత్ర, కంటి పరీక్షకు ముందు వేసే చుక్కలు, ఘాట్ రోడ్డెక్కే ముందు మింగే బిళ్ళ. ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే దేని దారి దానిదే అనిపిస్తుంది. కానీ అన్నీ ఒకే రసాయనం చుట్టూ తిరిగేవి. దాని పేరు అసిటైల్‌కోలిన్. నరాల చివర ఇది ఊరితేనే నోట్లో లాలాజలం, కంట్లో నీరు, ఒంటికి చెమట. పేగు కదలాలన్నా, మూత్రాశయం బిగిసి మూత్రం రావాలన్నా, వెలుతురుకి కంటిపాప చిన్నదవ్వాలన్నా ఇదే కావాలి. గుండె వేగాన్ని తగ్గిస్తుంది, కండరాన్ని కదిలిస్తుంది, మెదడులో జ్ఞాపకానికీ పనికొస్తుంది. దీని పనిని పెంచే మందుల్ని కోలినర్జిక్ అనీ, అడ్డుకునేవాటిని యాంటీకోలినర్జిక్ అనీ అంటారు. నోరు తిరగని పేర్లు కాబట్టి మొదటివాటిని ఊరించే మందులనీ, రెండోవాటిని ఎండగట్టే మందులనీ పిలుచుకుందాం.

ప్రశ్న: మా నాన్న పత్తికి మందు కొడుతూ పొలంలోనే పడిపోయారు. వాంతులు, నోట్లోంచి నురగ. ఆసుపత్రిలో గంట తిరక్కుండా ముప్పైకి పైగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఎక్కించారు. రెండో రోజు ఎవర్నీ గుర్తుపట్టకుండా, దుప్పటి పీకుతూ, గాల్లో ఏదో ఏరుతున్నట్టు చేశారు. నాలుక ఎండిపోయింది, ఒళ్లు కాలిపోయింది. మందు ఎక్కువిచ్చారా? మొన్ననే ఇంటికి తెచ్చుకున్నాం. ఇంకా ఏం చూసుకోవాలి? – ఓ పాఠకుడు, పరకాల

జవాబు: ముప్పై ఇంజెక్షన్లంటే వినడానికి భయంగానే ఉంటుంది. లెక్క చూద్దాం. మన దగ్గర దొరికే అట్రోపిన్ ఆంప్యూల్లో మామూలుగా ఉండేది 0.6 మి.గ్రా. ఈ విషం ఎక్కిన పెద్దవాళ్లకి మొదటి విడతే 1.8 నుంచి 3 మి.గ్రా. ఇస్తారు, అంటే మూడు నుంచి అయిదు ఆంప్యూళ్లు. అయిదు నిమిషాలాగి చూసి, ఛాతీలో గరగర తగ్గకపోతే రెట్టింపు. అప్పటికీ తగ్గకపోతే దానికీ రెట్టింపు. 3, 6, 12 అని మూడు విడతలు వేసేసరికే 21 మి.గ్రా. అవుతుంది, ముప్పై అయిదు ఆంప్యూళ్లన్నమాట. ఇదంతా పావుగంటలో జరిగిపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇందులో పదో వంతు ఇచ్చినా నోరెండి గుండె దడదడలాడుతుంది. విషం ఉన్నవాళ్లకి అదే ప్రాణం నిలబెడుతుంది. కాబట్టి ఆంప్యూళ్లు లెక్కపెట్టి ఎక్కువా తక్కువా చెప్పలేం.

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు, పని అయిపోయిన అసిటైల్‌కోలిన్‌ను తుడిచేసే ఎంజైమును పట్టి ఆపేస్తాయి. పొలంలోకి నీళ్లు వస్తూనే ఉంటాయి, బయటికి పోయే తూము మాత్రం మూసుకుపోతుంది. అందుకే చొంగ, కన్నీరు, చెమట, వాంతి, విరేచనం, సూదిమొనంత కంటిపాప, నెమ్మదించిన నాడి. అన్నిటికంటే ప్రమాదం ఊపిరితిత్తుల్లో ఊరే ద్రవం. మనిషి తన ఊటలో తానే మునిగిపోతాడు. అట్రోపిన్ ఆ తూము తెరవదు. పొలానికి నీళ్లు మళ్లే మడవ కట్టేస్తుంది, అంతే.

ఎంతవరకు ఇవ్వాలన్నదానికి గురుతులున్నాయి: ఛాతీలో గరగర పోవాలి, నాడి నిమిషానికి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిబారాలి, కంటిపాప సూదిమొనలా ఉండకూడదు. అక్కడికి చేరాక, అప్పటిదాకా పట్టిన మొత్తంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా గంటగంటకీ సెలైన్‌లో ఎక్కిస్తారు. మన ఉదాహరణలో గంటకి 2 నుంచి 4 మి.గ్రా. చిక్కంతా ఇక్కడే వస్తుంది. విషం తగ్గుతున్నా సెలైన్ వేగం తగ్గించకపోతే మందు మిగిలిపోతుంది. చెమట ఆగిపోవడంతో జ్వరం, మెదడుకెక్కి సంధి మాటలు, గాల్లో ఏరడం, పేగు చప్పుడు ఆగిపోవడం, మూత్రం నిలిచిపోవడం. మీ నాన్నగారి లక్షణాలు అచ్చం ఇవే. కాబట్టి రెండో రోజున మందు కాస్త ఎక్కువై ఉండొచ్చు. అలాంటప్పుడు అరగంటో గంటో ఆపి, తగ్గించి మళ్లీ మొదలుపెడతారు. ఇది తరచూ జరిగేదే, సరిదిద్దుకోగలిగేదే. తక్కువై ఊపిరితిత్తులు నిండడం కంటే ఇది చాలా నయం. నాడి వేగం ఒక్కటే చూసి మందు ఆపేయడం మాత్రం పొరపాటు. ఆక్సిజన్ అందకపోయినా నాడి పరుగెడుతుంది.

పామ్ అని పిలిచే ప్రాలిడాక్సిమ్ వేరే పని చేస్తుంది. ఎంజైమును విషం పట్టు నుంచి విడిపించడం దాని పని. అయితే ఆలస్యమయ్యేకొద్దీ ఆ పట్టు బిగుసుకుపోతుంది. మోనోక్రోటోఫాస్ తరగతిలో సగం ఎంజైము సుమారు నాలుగు గంటల్లోనే విడదీయలేనట్టు అయిపోతుంది, క్లోర్‌పైరిఫాస్ తరగతిలో దానికి 33 గంటలు పడుతుంది. దీన్ని ఎప్పుడు, ఎంత ఇవ్వాలన్నదాని మీద వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. అట్రోపిన్ విషయంలో ఆ వివాదం లేదు.

ఇక ఇంటి దగ్గర. అట్రోపిన్ కట్టే మడవలు లాలాజలం, ఊపిరితిత్తులు, పేగు, గుండె వైపువే. ఒంటి కండరాల వైపు వెళ్లే మడవ వేరు, దాని మీద దీని పెత్తనం లేదు. అందుకే నురగ ఆగి, మనిషి తేరుకున్నాడనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలూ ఊపిరి తీసే కండరాలూ చచ్చుబడవచ్చు. మొదటి గురుతు మెడలోనే. వెల్లకిలా పడుకోబెట్టి తలగడ మీంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి ఆ గంటలోనే తీసుకెళ్లాలి. ‘తగ్గింది కదా’ అని రెండో రోజే సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. మరికొందరికి రెండు మూడు వారాలకి పిక్కల నొప్పులు, తిమ్మిర్లు మొదలై పాదం జారిపోతుంది, చెప్పు కాలికి నిలవదు. అది కనిపిస్తే నరాల డాక్టరుకి చూపించండి.

ఇకముందు ఎవరికైనా ఇలా అయితే: బట్టలన్నీ విప్పి, సబ్బూ నీళ్లతో జుట్టూ గోళ్ల సందులతో సహా కడగాలి. కడిగేవాళ్లు చేతులకి ప్లాస్టిక్ కవర్లైనా తొడుక్కోవాలి, ఈ మందు చర్మం గుండా దిగుతుంది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించొద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా తప్పకుండా వెంట తీసుకెళ్లండి. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. డబ్బా ఎందుకంటే, అది పారాక్వాట్ లాంటి కలుపు మందైతే వైద్యమే మారిపోతుంది. దానికి అట్రోపిన్ పనికిరాదు, అవసరం లేకుండా ఆక్సిజన్ పెట్టడం కూడా హానే.

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. మతిమరుపుకి ఏడాదిగా డొనెపెజిల్ 10 మి.గ్రా. వాడుతున్నాం. ఆ మధ్య ఆపుకోలేక బట్టల్లోనే మూత్రం పోతోందని ఆక్సిబ్యూటినిన్ రాశారు. నిద్రకి అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. ఎప్పటినుంచో ఉంది. జలుబు చేస్తే మెడికల్ షాపులో బిళ్ళలు తెస్తాం. నెల నుంచి రాత్రిళ్లు లేచి ‘గదిలో పిల్లలు తిరుగుతున్నారు’ అంటున్నారు. జబ్బు ముదిరిందా? – ఓ పాఠకురాలు, గుడివాడ

జవాబు: జబ్బు ముదిరిందని తేల్చేముందు మందుల సంచి బోర్లించి చూడాలి. డొనెపెజిల్ ఊరించే మందు. మెదడులో తగ్గిపోయిన అసిటైల్‌కోలిన్‌ను కాస్త నిలబెట్టడానికి ఇస్తారు. మెదడుతో పాటు మూత్రాశయాన్నీ అది బిగిస్తుంది కాబట్టి కొందరికి ఆపుకోలేనితనం వస్తుంది. దాన్ని కొత్త జబ్బనుకుని ఆక్సిబ్యూటినిన్ రాస్తారు. అది ఎండగట్టే మందు, పైగా మెదడులోకి సులువుగా వెళ్తుంది. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో తోడుతున్నాం. అమిట్రిప్టిలిన్ కూడా ఎండగట్టేదే, జలుబు బిళ్ళలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. ఒక్కొక్కటీ చిన్న మోతాదే. మూడూ కలిసేసరికి డెబ్భై నాలుగేళ్ల మెదడు తట్టుకోలేదు. లేని మనుషులు కనిపించడం, పగలు మగతగా ఉండి రాత్రి లేచి తిరగడం, నాలుక అట్టకట్టడం, మూడు రోజులకోసారి విరేచనం. ఇవన్నీ ఉంటే మందుల మీదే ఎక్కువ అనుమానం. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే మతి తప్పుతుంది, ఆ పరీక్ష కూడా చేయించండి.

జలుబు బిళ్ళ ఈ రోజే ఆపండి. ముక్కు కారితే ఉప్పునీటి చుక్కలు, ఆవిరి చాలు. ఆక్సిబ్యూటినిన్ ఆపే సంగతి ఈ వారమే డాక్టరుతో మాట్లాడండి. దాని బదులు మిరాబెగ్రాన్ 25 మి.గ్రా. ఉంది, అది వేరే దారిలో పనిచేస్తుంది, మెదడుని ఎండగట్టదు. బీపీ పెంచొచ్చు కాబట్టి కొలుస్తూ ఉండాలి. మందు లేకుండా చేయగలిగింది కూడా ఉంది: ఆవిడ అడిగేదాకా ఆగకుండా రెండు గంటలకోసారి బాత్రూముకి తీసుకెళ్లడం, సాయంత్రం ఆరు తర్వాత టీ కాఫీలు మాన్పించడం, మలబద్ధకం లేకుండా చూడడం. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. అమిట్రిప్టిలిన్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

డొనెపెజిల్ గురించి కూడా రెండు మాటలు. 5 మి.గ్రా.తో మొదలుపెట్టి నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే 10 చేస్తారు. తొందరపడితే వాంతులు, విరేచనాలు. రాత్రి వేసుకుంటే కొందరికి వింత కలలొస్తాయి, పొద్దునకి మారిస్తే తగ్గుతాయి. నాడి చూడడం నేర్చుకోండి. నిమిషానికి 50 లోపు ఉన్నా, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతున్నా వెంటనే చెప్పాలి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ కూడా వాడేవాళ్లలో ఇది ఎక్కువ. మాత్ర పడనివాళ్లకి రివాస్టిగ్మిన్ పట్టీ ఇస్తారు. అందులో జరిగే పెద్ద పొరపాటు పాత పట్టీ తీయకుండా కొత్తది అంటించడం. మూడు పట్టీలు వీపు మీదుంటే మూడింతల మందు ఒంట్లోకి పోతుంది. పాతది తీసి, వేరే చోట అంటించి, పట్టీ మీదే పెన్నుతో తేదీ రాయండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకీ ఇదే మాట. అక్కడ చీటీ లేకుండా దొరికే, పేరు చివర ‘పీఎం’ అని ఉండే నొప్పి మాత్రల్లో సాధారణంగా ఎండగట్టే మందైన డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. జెట్‌లాగ్‌కి బాగుందని కోడళ్లూ కూతుళ్లూ ప్రేమగా ఇస్తారు. అరవై అయిదు దాటినవాళ్లకి అది వద్దు.

ప్రశ్న: మూడు నెలల పాప సాయంత్రమైతే గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కింటివాళ్లు వాళ్ల బాబుకి రాసిన కడుపునొప్పి చుక్కలు ఇచ్చారు. వెయ్యొచ్చా? – ఓ తల్లి, నంద్యాల

జవాబు: వద్దు. సీసా మీద డైసైక్లోమిన్ లేదా డైసైక్లోవెరిన్ అని ఉందేమో చూడండి. ఉంటే ఆరు నెలల్లోపు పిల్లలకి ఒక్క చుక్క కూడా వేయకూడదు. పేగు మెలిపెట్టడాన్ని ఆపే ఈ ఎండగట్టే మందు పసివాళ్లలో ఊపిరి ఆడకుండా చేసింది, మూర్ఛలు, స్పృహ తప్పడం కూడా చూశారు. సిమెథికోన్ ఒక్కటే ఉన్న చుక్కలు వేరు, వాటితో ఈ భయం లేదు. అవి తగ్గిస్తాయన్న నమ్మకం కూడా పెద్దగా లేదనుకోండి. ఈ సాయంత్రపు ఏడుపు మూడు నాలుగు నెలల వయసుకి దానంతటదే పోతుంది. పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి. జ్వరం, పచ్చటి వాంతి, మలంలో రక్తం, పొట్ట ఉబ్బడం ఉంటే మాత్రం పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నెలసరి నొప్పికి పెద్దపిల్లలు వాడే మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిపిన బిళ్ళ గురించి కూడా ఇదే ఉత్తరంలో అడిగారు. ఏదైనా తిన్నాక, రెండు మూడు రోజుల పాటు పరవాలేదు. నోరెండడం, చూపు మసకబారడం ఎండగట్టే సగం వల్ల, కడుపులో మంట మెఫెనమిక్ సగం వల్ల.

ప్రశ్న: నాకు మయస్తీనియా గ్రావిస్. పిరిడోస్టిగ్మిన్ 60 మి.గ్రా. రోజుకి నాలుగు. వేసుకుంటే కడుపులో మెలిపెట్టి విరేచనాలు, మానేస్తే రెప్పలు వాలిపోయి అన్నం మింగుడుపడదు. ఎలా వేసుకోవాలి? ఇతర జబ్బులకి ఏ మందులు పడవు? – ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: కండరాలు నీరసించిపోయే ఈ జబ్బులో అసిటైల్‌కోలిన్ తగ్గదు, కండరం మీద దాన్ని అందుకునే చోట్లు దెబ్బతింటాయి. 1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు, ఈ రోగులు కండరాల్ని చచ్చుబరిచే క్యురారే విషం ఎక్కినవాళ్లలా ఉన్నారే అనుకుని, క్యురారేకి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ అనే ఊరించే మందు ఇచ్చి చూశారు. వాలిన రెప్ప లేచింది. మీరు వేసుకునేది దాని చెల్లెలే.

మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావుగంటకి పని మొదలై మూడు నాలుగు గంటలుంటుంది. కాబట్టి గడియారం చూసి కాదు, కంచం చూసి వేసుకోండి: మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనమైతే పన్నెండుంపావుకి. పరగడుపున మింగితే మెలిక ఎక్కువ, రెండు బిస్కెట్లతోనో చిన్న అరటిపండుతోనో మింగండి. ఒక్కసారి ఎక్కువ వేసుకునే బదులు, అంతే మందు చిన్న ముక్కలుగా ఎక్కువసార్లు వేసుకుంటే కడుపు ఊరుకుంటుంది. అయితే నిదానంగా పనిచేసే పెద్ద మాత్రను విరగ్గొట్టకూడదు, నలగ్గొట్టకూడదు. విరేచనాలకి ఎండగట్టే మందు కొద్దిగా కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, కానీ సొంతంగా షాపులో తెచ్చుకోవద్దు. పిరిడోస్టిగ్మిన్ ఎక్కువైందని హెచ్చరించే చొంగ, చెమట, విరేచనాలనే అది కప్పేస్తుంది.

బలం చాలడం లేదని మాత్రలు పెంచుకుంటూ పోవడం ఈ జబ్బులో పెద్ద తప్పు. ఎక్కువైతే కూడా కండరం నీరసించేదే. కండరాల్లో సన్నటి అదురు, చిన్నబోయిన కంటిపాపలు, నోటినిండా చొంగ ఉంటే మందు ఎక్కువైనట్టు. అవి లేకుండా నీరసం ఉంటే జబ్బు పెరిగినట్టు. రెండిటిలో ఏదని ఇంట్లో కూర్చుని తేల్చకండి. నిండుగా గాలి పీల్చి ఒకే ఊపిరిలో ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టండి. ఇరవై దాకా రాలేకపోతే అత్యవసర విభాగానికి బయల్దేరాలి.

పడని మందుల పేర్లు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి: జెంటామైసిన్, అమికాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, క్లోరోక్విన్, క్వినైన్, ప్రొప్రనొలాల్, నరంలో ఎక్కించే మెగ్నీషియం. జ్వరమనగానే సిప్రో, అజిత్రో రాసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆర్ఎంపీ దగ్గరైనా, పెద్ద ఆసుపత్రిలోనైనా ముందు ఈ చీటీ చూపించాలి.

ప్రశ్న: పాము కాటు రోగికి నియోస్టిగ్మిన్‌తో పాటు అట్రోపిన్ కూడా ఎక్కించారు. ఆపరేషన్ థియేటర్లో మత్తు నుంచి లేపేటప్పుడూ అలాగే రెండూ కలుపుతారు. ఒకదానికొకటి విరుగుడు కదా, రెండూ కలిపి ఎందుకు? – నర్సింగ్ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: మంచి ప్రశ్న. పైన చెప్పిన రెండు మడవల సంగతే ఇది. నియోస్టిగ్మిన్ వల్ల అసిటైల్‌కోలిన్ ఒళ్లంతా పెరుగుతుంది. మనకి కావాల్సింది చచ్చుబడ్డ కండరాల వైపే. మిగతా చోట్ల పెరిగితే గుండె నెమ్మదించి ఆగిపోవచ్చు, ఊపిరితిత్తుల్లో ఊట పెరగొచ్చు. ఆ వైపు మడవ కట్టడానికే అట్రోపిన్ లేదా గ్లైకోపైరోలేట్. కండరాల వైపు అవి అడ్డుపడవు.

థియేటర్లో మామూలు లెక్క కిలోకి నియోస్టిగ్మిన్ 0.05, గ్లైకోపైరోలేట్ 0.01 మి.గ్రా. అరవై కిలోల మనిషికి వరసగా 3 మి.గ్రా., 0.6 మి.గ్రా. అవుతుంది. గ్లైకోపైరోలేట్ మెదడులోకి వెళ్లదు కాబట్టి మత్తు దిగాక ముసలివాళ్లకి దాని వల్ల సంధి మాటలు రావు, అట్రోపిన్‌తో ఆ భయం ఉంది.

పాము కాటులో యాంటీ స్నేక్ వీనమ్ ముందు. రెప్పలు వాలిన పెద్దవాళ్లకి అట్రోపిన్ 0.6 మి.గ్రా. ఎక్కించి, వెంట నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. ఇచ్చి అరగంట రెప్పల్నే గమనిస్తారు. నాగుపాము విషం కండరం వైపు తలుపు దగ్గర అడ్డు కూర్చుంటుంది కాబట్టి అసిటైల్‌కోలిన్ పెరిగితే తోసేయగలదు. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. ఊరేదే లేనప్పుడు నిలబెట్టేదేముంటుంది? రెప్ప లేవకపోతే ఆ మందు ఆపి, వెంటిలేటర్ మీద ఓపిగ్గా ఉంచడమే.

ప్రశ్న: ఆయాసానికి మా నాన్నగారు టయోట్రోపియం క్యాప్సూల్ వాడుతున్నారు. గుణం లేదు. పైగా మొన్న జలుబు బిళ్ళ వేసుకున్న రాత్రి మూత్రం బిగబట్టి గొట్టం వేయాల్సొచ్చింది. – ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఒక సంగతి చూడండి: ఆ క్యాప్సూల్ మింగుతున్నారా? నవ్వులాట కాదు, చాలామంది మింగుతారు. పరికరంలో పెట్టి, గుచ్చి, ఆ పొడిని నోటితో లోపలికి పీల్చాలి. 18 మైక్రోగ్రాములు, రోజుకి ఒక్కసారి. మింగితే ఊపిరితిత్తులకి చేరదు. పీల్చాక పుక్కిలించి ఉమ్మేస్తే నోరెండడం తగ్గుతుంది. ఆ పొడి చేతికంటి కళ్లు నలుపుకోకూడదు. నెబ్యులైజర్ మాస్కు వదులుగా ఉండి, ఇదే రకం మందైన ఇప్రాట్రోపియం ఆవిరి కంట్లో పడి, ఒక కంటిపాప పెద్దదై, మెదడులో రక్తస్రావమేమోనని స్కానింగ్ దాకా వెళ్లిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

మూత్రం బిగియడానికి అసలు కారణం ప్రోస్టేట్ గ్రంథి వాపై ఉంటుంది, దాని మీద జలుబు బిళ్ళ మోయలేని బరువైంది. అందులో క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయాన్ని వదులు చేస్తే, ఫినైలెఫ్రిన్ దాని మూతి దగ్గర బిగిస్తుంది. ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకి జలుబు బిళ్ళ, కడుపునొప్పి బిళ్ళ, దురదకిచ్చే హైడ్రాక్సిజైన్, మూడూ వద్దు. టయోట్రోపియం కూడా ఎండగట్టేదే, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి, ఆయాసానికి అది అవసరమే కాబట్టి మీరై మీరు ఆపొద్దు.

ప్రశ్న: కంటి పరీక్షకి చుక్కలు వేస్తే రెండు రోజులు మసకగానే ఉంది. పాడైందా? – ఓ పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ఏ చుక్కలన్నదాన్ని బట్టి ఉంటుంది. ట్రోపికమైడ్ అయితే నాలుగు నుంచి ఆరు గంటలు. సైక్లోపెంటోలేట్ ఒక రోజు. హోమాట్రోపిన్ ఒకటి నుంచి మూడు రోజులు, మీకు వేసింది ఇదై ఉండొచ్చు. పిల్లలకి వేసే అట్రోపిన్ అయితే వారం నుంచి రెండు వారాలు. బండి నడపకండి, ఎండకి నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. పిల్లలకి ఇంట్లో అట్రోపిన్ వేయమంటే, వేశాక ముక్కు పక్కన కంటి మూలని ఒకటి రెండు నిమిషాలు నొక్కిపట్టండి, లేకపోతే గొంతులోకి దిగి రక్తంలో కలుస్తుంది. మొహం ఎర్రబడి ఒళ్లు వేడెక్కితే తర్వాతి చుక్క ఆపి ఫోన్ చేయండి.

చుక్కలు వేసిన రాత్రి కన్ను ఎర్రబడి, తలనొప్పీ వాంతీ వచ్చి, దీపం చుట్టూ రంగుల గుడి కనిపిస్తే అది నీటికాసుల (గ్లకోమా) దాడి. తెల్లవారేదాకా ఆగొద్దు. అక్కడ కంటిపాపను చిన్నది చేసే పైలోకార్పిన్, అంటే ఊరించే కుటుంబంలోదే, మిగతా మందులతో కలిపి వేస్తారు.

ప్రశ్న: పాడేరు ఘాట్ ఎక్కితే ఇంటిల్లిపాదికీ వాంతులు. – ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ప్రోమెథజైన్ 25 మి.గ్రా. బిళ్ళ బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అదీ వాంతిలోనే పోతుంది. నిద్రమత్తు ఖాయం, కాబట్టి బండి తోలేవాళ్లకి వద్దు. రెండేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు, అంతకు పైబడినవాళ్లకి మోతాదు డాక్టరు చెప్పాలి. ఇదీ ఎండగట్టే మందే కాబట్టి నీటికాసులు, ప్రోస్టేట్ వాపు ఉన్న తాతగారికి వద్దు, ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి దూరం చూడమనండి.

ప్రశ్న: ఉమ్మెత్తాకు పొగ ఆయాసానికి మంచిదని మా ఊళ్లో ఒకాయన చెప్తారు. నిజమేనా? – ఓ పాఠకుడు, మదనపల్లె

జవాబు: అబద్ధం కాదు, అందుకే ప్రమాదం. ఉమ్మెత్తలో అట్రోపిన్, హయోసిన్ ఉంటాయి, అవి ఊపిరి గొట్టాలని వదులు చేస్తాయి. పైన చెప్పిన ఇప్రాట్రోపియం అట్రోపిన్ అణువునే కాస్త మార్చి చేసింది, రక్తంలోకీ మెదడులోకీ పోకుండా. ఉమ్మెత్తాకుకి ఆ కట్టడి లేదు. ఆకు ఆకుకీ, గింజ గింజకీ మోతాదు మారుతుంది.

పిల్లలు ముళ్లకాయ పగలగొట్టి గింజలు తింటే అరగంట నుంచి గంటలోపు మొహం ఎర్రబడి, నోరెండి, కంటిపాపలు పెద్దవై, లేనివాటిని పట్టుకోబోతారు. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్లే లోపు వేళ మించిపోతుంది. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లండి, మిగిలిన కాయ కూడా పట్టుకెళ్లండి. అక్కడ మందుగా తయారుచేసిన బొగ్గు పొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) తాగించి, డయాజెపామ్ లాంటివాటితో శాంతపరిచి, జ్వరాన్ని దించి, మూత్రం నిలిస్తే గొట్టం వేస్తారు. అవసరమైతే, దొరికితే, ఫైసోస్టిగ్మిన్ ఇస్తారు. లక్షణాలు ఒకటి రెండు రోజులుంటాయి. వాంతులు తగ్గడానికని ప్రోమెథజైన్ ఇంజెక్షన్ మాత్రం వేయించకండి. అదీ ఎండగట్టేదే.